మలేషియా: సహపంక్తి కూర్చున్న దేశం

దేశాటనం వలన లోకజ్ఞానం కలుగుతుందని మన పెద్దలు చెబుతారు. అయితే దేశాటనం చేసి వచ్చినవారిలో చాలామంది ఎత్తైన భవనాలను, విశాలమైన రహదారులను, అంగళ్లలో దొరికే వస్తువులను వర్ణించి ఊరుకుంటారు. ఆ దేశంలో ఎవరు ఎవరితో కూర్చుని భోజనం చేస్తారన్న ప్రశ్నకు సమాధానం చెప్పేవారు తక్కువ. మా అభిప్రాయంలో ఒక సమాజాన్ని తెలుసుకోవడానికి ఇంతకంటె సూటియైన ప్రశ్న లేదు. మన దేశంలో కులభేదాలను నిర్మూలించదలచిన సంస్కర్తలు సహపంక్తి భోజనాలకు అంత ప్రాముఖ్యం ఇచ్చినది ఇందుకే. ఒకే దస్తర్‌ఖాన్ మీద యజమాని, సేవకుడు కలిసి భుజించడాన్ని ముస్లిం సమాజం ఆదర్శంగా చెప్పుకొనేదీ ఇందుకే. ఈ దృష్టితో ఆగ్నేయాసియాలోని మలేషియా దేశాన్ని పాఠకులకు పరిచయం చేయడం మా ఉద్దేశం.

దేశ స్వరూపం

మలేషియా రెండు ముక్కలుగా ఉన్న దేశం. ఒక భాగం థాయిలాండుకు దక్షిణాన ఉన్న మలయా ద్వీపకల్పం. రెండవది దక్షిణ చైనా సముద్రానికి ఆవల, బోర్నియో దీవిలో ఉన్న సబా, సరవాక్ రాష్ట్రాలు. మొత్తం వైశాల్యం సుమారు 3,30,000 చదరపు కిలోమీటర్లు. అనగా మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపినదానికంటె కొంచెం పెద్దది. మలయా 1957 ఆగస్టు 31న బ్రిటిష్ పాలన నుండి విముక్తి పొందినది. 1963 సెప్టెంబరు 16న మలేషియా సమాఖ్య ఏర్పడినది. అందులో చేరిన సింగపూరు 1965లో విడిపోయినది. 2020 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభా 3 కోట్ల 24 లక్షలు. పౌరులలో మలయ్ జాతివారూ ఇతర ఆదివాసులూ కలిసి సుమారు 70 శాతం, చైనా సంతతివారు 23 శాతం, భారతీయ సంతతివారు 7 శాతం లోపు. సమాఖ్య మతం ఇస్లాం. ఇతర మతాలను శాంతియుతంగా ఆచరించుకొనే హక్కును రాజ్యాంగం గుర్తించినది. తొమ్మిదిమంది వంశపారంపర్య పాలకులలో ఒకరు వంతుల ప్రకారం ఐదేండ్లపాటు దేశానికి రాజుగా ఉండడం ఇక్కడి మరొక విశేషం.

ఇంతమంది వేర్వేరు జాతులవారు ఒకచోటికి ఎట్లా చేరినారు? దీనికి మొదటి కారణం రాజులు కాదు, యుద్ధాలు కాదు, గాలి.

గాలి ఆపిన ఓడలు

తెరచాపల కాలంలో నావికుడు గాలికి బద్ధుడు. నైరుతి గాలులు వీచే నెలలలో భారత, అరబ్బు, పారశీక నౌకలు తూర్పుకు సాగేవి. ఈశాన్య గాలులు వీచే నెలలలో చైనా నౌకలు దక్షిణానికి దిగేవి. ఈ రెండు మార్గాలూ కలిసేచోట, సుమత్రా దీవికీ మలయా ద్వీపకల్పానికీ మధ్య, ఒక ఇరుకైన జలసంధి ఉన్నది. సరుకు దింపుకొన్న వర్తకుడు వెంటనే తిరిగి పోలేడు. గాలి దిశ మారేవరకు నెలల తరబడి అక్కడ వేచి ఉండవలసినదే. ఆ నిరీక్షణలోనే మలక్కా నగరం పెరిగినది.

సుమారు 1400 ప్రాంతంలో పరమేశ్వరుడనే రాజకుమారుడు ఈ రేవును స్థాపించినాడు. 15వ శతాబ్దంలో ఇక్కడి పాలకులు ఇస్లాం స్వీకరించినారు. 1511లో పోర్చుగీసువారు, 1641లో డచ్చివారు ఈ నగరాన్ని పట్టుకొన్నారు. 1824 ఒప్పందం వలన ఇది ఆంగ్లేయుల వశమైనది. పోర్చుగీసు ఆక్రమణ తరువాత కొద్దికాలానికే అక్కడ నివసించిన తోమే పిరేష్ ఈ రేవులో 84 భాషలు వినబడేవని వ్రాసినాడు. సుల్తానుల కాలంలో విదేశీ వర్తకుల వ్యవహారాలు చూడడానికి నలుగురు 'షాబందరులు' ఉండేవారు. ఈ పదం మనకు కొత్తది కాదు. పారశీక భాషలో బందర్ అంటే రేవు. మచిలీపట్నాన్ని మనం ఈనాటికీ బందరు అనే పిలుస్తాము. మలయ్ భాషలో బందార్ అంటే పట్టణం. గోల్కొండ కుతుబ్‌షాహీల రేవైన ఆ బందరు నుండి 17వ శతాబ్దంలో నేత బట్టలు, అద్దకపు బట్టలు తూర్పు దీవులకు వెళ్లేవి. వాటికి మారుగా సుగంధ ద్రవ్యాలు వచ్చేవి.

వేచి ఉన్న మనిషి ఊరకే ఉండడు. ఇల్లు అద్దెకు తీసుకొంటాడు, ప్రార్థనామందిరం కట్టుకొంటాడు, కొన్నిసార్లు వివాహం చేసుకొంటాడు. ఆ విధంగా చైనా పురుషులకూ స్థానిక స్త్రీలకూ కలిగిన సంతతి బాబా-న్యోన్యాలుగా ప్రసిద్ధి పొందినది. దక్షిణ భారత హిందూ వర్తకుల సంతతి మలక్కా చెట్టిలైనారు. వీరు ఇంట్లో మాట్లాడేది మలయ్ భాష. అయినా పూజించేది వినాయకుని, మారియమ్మను. భారతీయ ముస్లిం వర్తకుల సంతతి జావీ పెరనాకన్‌లైనారు. పోర్చుగీసు సంతతివారు క్రిస్తాంగులైనారు. మాతృభాషను విడిచినా మతాన్ని విడువనివారు కొందరు, రెండింటికీ కొత్తరూపం ఇచ్చినవారు కొందరు. ప్రతి సమూహమూ తనకంటూ ఒక వంటను మిగుల్చుకొన్నది.

మలక్కాలో మేము నడిచిన ఒక చిన్న వీధి ఈ చరిత్రనంతా కొద్ది నిమిషాలలో చూపినది. 1781 నాటి పొయ్యాత వినాయకమూర్తి ఆలయం, 1748 నాటి కంపుంగ్ క్లింగ్ మసీదు, 17వ శతాబ్దపు చైనా దేవాలయం చెంగ్ హూన్ తెంగ్ ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉన్నవి. ఆ మసీదుకు మనకు పరిచితమైన గుమ్మటం లేదు. సుమత్రా పద్ధతిలో అంతస్తులుగా పైకి సన్నగిల్లే కప్పు ఉన్నది. మినారు చైనా పగోడాను తలపిస్తుంది. 'క్లింగ్' అన్న పేరు కళింగ శబ్దం నుండి వచ్చినదని పండితులు చెబుతారు. ఒకప్పుడు దక్షిణ భారతీయులందరికీ వాడిన ఆ మాట కాలక్రమాన కించపరచే మాటగా మారినది. కనుక మసీదు పేరులో తప్ప మనుష్యుల విషయంలో దానిని వాడకపోవడమే మర్యాద.

మాటలలో మిగిలిన సరుకు

ఓడలు దింపిన సరుకు ఏనాడో ఖర్చైపోయినది. మాటలు మాత్రం మిగిలినవి. మలయ్ భాషలో భాషను బహాసా అంటారు. గురు, రాజా, నెగారా, మనుసియా అన్న మాటలను వివరించనక్కరలేదు. కొన్ని మాటలు ప్రయాణంలో అర్థం మార్చుకొన్నవి. సువామి అంటే భర్త, ఇస్తెరీ అంటే భార్య, కెపాలా అంటే తల, ఆగమా అంటే మతం. అరబ్బీ నుండి కితాబ్, దున్యా, సబర్, వక్తు వచ్చినవి. ఇద్దరు కలుసుకొన్నప్పుడు 'అపా ఖబర్' అని పలకరించుకొంటారు. ఏమిటి కబురు అని దాని అర్థం. మేజా, అల్మారీ, నానాస్ అన్నవి పోర్చుగీసు మాటలు. మన మేజాబల్ల, అల్మారా, అనాసపండు కూడా అదే ఓడలో వచ్చినవి.

మమ్మల్ని అన్నిటికంటె ఆలోచింపజేసిన మాట 'పువాసా'. రంజాను ఉపవాసానికి మలయ్ ముస్లింలు వాడే మాట ఇది. సంస్కృతంలోని ఉపవాస శబ్దమే ఈ రూపం దాల్చినది. ఈదుల్ ఫితర్‌ను వారు హరి రాయా పువాసా అని కూడా అంటారు. ఆచరించేది ఇస్లాం ధర్మం, పిలిచే పేరు సంస్కృతం. ఈ రెండింటి మధ్య వారికి ఏ వైరుధ్యమూ కనిపించలేదు. ఉర్దూ, తెలుగు ఒకే ప్రాంగణంలో చదువుకొనే మనకు ఇది గమనింపదగిన సంగతి.

లిపి విషయంలోనూ ఇట్టిదే ఒక కథ కలదు. మలయ్ భాషను శతాబ్దాలపాటు అరబ్బీ అక్షరాలకు కొన్ని కొత్త అక్షరాలు చేర్చిన జావీ లిపిలో వ్రాసినారు. తెరెంగాను రాష్ట్రంలో దొరికిన శిలాశాసనం హిజ్రీ 702, అనగా 1303 నాటిది. స్వాతంత్ర్యానంతరం రోమను లిపి అధికార లిపియై జావీని వెనుకకు నెట్టినది. వీధుల పేర్లలో, మతగ్రంథాలలో జావీ ఇంకా కనబడుతుంది గాని, దానిని ధారాళంగా చదివేవారు తగ్గినారు. భాష బ్రతికి ఉండగానే లిపి దూరమయ్యే ఈ పరిస్థితి మన ఇండ్లలోని ఉర్దూ పిల్లలకూ తెలియనిది కాదు.

అన్నం చుట్టూ

ఇక భోజనానికి వద్దాము. పొలంలో ఉన్నది పాడి, దంచినది బెరాస్, వండినది నాసీ. మనకు వడ్లు, బియ్యం, అన్నం ఉన్నట్లే మలయ్‌లకూ మూడు దశలకు మూడు మాటలు ఉన్నవి. వరిని నమ్ముకొని బ్రతికే జాతులకే ఇట్టి వివరం అవసరమౌతుంది.

వారి ఉదయపు ఫలహారాలలో ప్రసిద్ధమైనది నాసీ లెమాక్. బియ్యాన్ని కొబ్బరిపాలలో, పాండాన్ అనే సువాసనగల ఆకుతో కలిపి వండుతారు. ఈ ఆకు మన మొగలి జాతికి చెందినది. హైదరాబాదు బిర్యానీలో చల్లే కేవ్డా పరిమళానికి దగ్గరి చుట్టం. ఆ అన్నం ప్రక్కన వేయించిన చిన్న ఎండుచేపలు, వేరుసెనగలు, దోసకాయ ముక్కలు, గుడ్డు, సంబల్ ఉంచి అరటియాకులో పొట్లం కడతారు. సంబల్ అంటే రోటిలో నూరిన మిరపకాయల పచ్చడి. దానిలో బెలచాన్ అనే, పులియబెట్టి ఎండబెట్టిన చిన్నరొయ్యల ముద్ద కలుపుతారు. దాని వాసన కొత్తవారికి కష్టంగా తోచవచ్చును. ఎండురొయ్యల కూర ఎరిగిన మన కోస్తావారికి మాత్రం అంతగా తోచదు. మిరప స్వయంగా అమెరికా ఖండపు మొక్క. 16వ శతాబ్దంలో పోర్చుగీసు నౌకలతో ఆసియాకు వచ్చినది. సంబల్ లేని మలయ్ భోజనాన్నీ, పచ్చిమిరప లేని ఆంధ్ర భోజనాన్నీ ఈనాడు ఊహించలేము. కాని రెండు చోట్లా అది ఒకనాటి అతిథియే.

మాంసాన్ని కొబ్బరిపాలలో, నిమ్మగడ్డి, అల్లం, దుంపరాష్ట్రం, పసుపు ఆకులతో గంటల తరబడి ఉడికించి, పులుసంతా ఇంకి నూనె తేలేవరకు వేపితే అది రెండాంగ్ అవుతుంది. ఇది సుమత్రాలోని మినాంగ్‌కబావు జనుల వంట. వారు వలస వచ్చిన నెగెరి సెంబిలాన్ రాష్ట్రంలో ఆస్తి తల్లి నుండి కుమార్తెకు సంక్రమించే ఆచారం నేటికీ కలదు. పుల్లలకు గ్రుచ్చి నిప్పులపై కాల్చిన మాంసాన్ని వేరుసెనగ పచ్చడితో తింటే సాతే. పినాంగ్ దీవిలో చేపలతో, చింతపండు పులుపుతో చేసే సేమియా పులుసు ఆసమ్ లక్సా. చింతపండును అరబ్బులు హిందూ దేశపు ఖర్జూరమన్నారు, మలయ్‌లు జావా పులుపు అన్నారు. ఎవరికి ఏ దిక్కు నుండి అందినదో ఆ పేరు పెట్టుకొన్నారు. పండుగనాడు వెదురుబొంగులో కొబ్బరిపాలతో కాల్చే జిగురుబియ్యాన్ని లెమాంగ్ అంటారు. మన్యంలో బొంగులో వండే వంట చూచినవారికి ఇది వింత కాదు. కొబ్బరిచెట్టు కల్లును కాచి చేసే బెల్లం గులా మెలాకా. దానితో చేసే ఆవిరిపిండి వంటలకు అంతు లేదు. ఫలాలలో ముళ్లపండైన దురియన్‌ను రాజుగా భావిస్తారు. దాని గాఢమైన వాసన కారణంగా అనేక హోటళ్లలోనికి, రైళ్లలోనికి దానిని రానివ్వరు.

కావడి మోసిన భోజనం

పినాంగ్‌కు పేరు తెచ్చిన మరొక వంటకం నాసీ కందార్. కందార్ అంటే భుజం మీది కావడి. తమిళ ముస్లింలు కావడికి ఒకవైపు అన్నపు కుండ, రెండవవైపు కూరల కుండ కట్టుకొని రేవు కూలీల వద్దకు వెళ్లి అమ్మేవారు. కావడి పోయినది, అంగడి వచ్చినది, పేరు మాత్రం నిలిచినది. అన్నం మీద నాలుగైదు కూరల పులుసులు కలిపి పోయడాన్ని 'బంజీర్' అంటారు, అనగా వరద.

తమిళ ముస్లింలు నడిపే ఈ భోజనశాలలను మామక్ అంగళ్లంటారు. మామ అన్న వరుస నుండి వచ్చిన మాట అది. ఇక్కడ పిండిని గాలిలో విసిరి పలుచగా సాచి, మడిచి, పెనం మీద కాల్చిన రోటీ చనాయ్‌ను పప్పుతో తింటారు. పాలు కలిపిన టీని ఒక పాత్ర నుండి మరొక పాత్రలోనికి ఎత్తు నుండి పోస్తూ నురుగు తెప్పిస్తారు. అది తెహ్ తారిక్, అనగా లాగిన టీ. రాత్రి బాగా పొద్దుపోయినా ఈ అంగళ్లలో జనం తగ్గరు. మేము కూర్చున్న బల్లకు ఒకవైపు చైనా విద్యార్థులు, మరొకవైపు మలయ్ కుటుంబం, వెనుక తమిళ కార్మికులు ఉన్నారు. ఎవరి మాట వారిది, ఎవరి పళ్లెం వారిది. పిలిచిన అబ్బాయి మాత్రం అందరికీ ఒకడే.

ఒక గది, వేర్వేరు నియమాలు

ఇంతవరకు చదివి, ఇక్కడ భేదాలే లేవని పాఠకులు భావించరాదు. ముస్లింలు హలాల్ గుర్తు చూచి గాని లోనికి అడుగు పెట్టరు. పందిమాంసం వండే చైనా కాఫీ అంగళ్లకు వారు పోరు. హిందువులలో చాలామంది, చైనా బౌద్ధులలో కొందరు గోమాంసం ముట్టరు. ఈ నియమాలను ఎవరూ దాచుకోరు. ఎదుటివారు అడిగినా తప్పుగా భావించరు. అతిథిని పిలిచేముందు 'మీరు ఏమి తినరు' అని తెలుసుకొనడం అక్కడ మర్యాదలో భాగం.

భేదాలు ద్వేషంగా మారిన రోజు కూడా వారి చరిత్రలో కలదు. 1969లో ఎన్నికలు ముగిసిన కొద్దిరోజులకే, మే 13న, కౌలాలంపూరులో మలయ్‌లకూ చైనీయులకూ మధ్య ఘర్షణలు చెలరేగినవి. అధికార లెక్క ప్రకారమే 196 మంది మరణించినారు. పార్లమెంటును కొంతకాలం నిలిపివేసినారు. 1970లో 'రుకున్ నెగారా' అనే జాతీయ సూత్రాలను ప్రకటించినారు. 1971లో పేదరికాన్ని తగ్గించే ఉద్దేశంతో నూతన ఆర్థిక విధానం తెచ్చినారు. ఆ విధానంలోని రిజర్వేషన్ల న్యాయాన్యాయాల గురించి వాదం ఈనాటికీ ముగియలేదు. కలిసి టీ త్రాగినంత మాత్రాన సమాన న్యాయం లభించదు. ఈ సంగతిని మరచి మలేషియాను పొగడడం ఆ దేశానికి మేలు చేయదు.

అయినా సహవాసాన్ని కాపాడే ఆచారాలను వారు పట్టుదలతో నిలుపుకొన్నారు. వాటిలో ముఖ్యమైనది 'రుమా తెర్బుకా', అనగా తెరచిన ఇల్లు. ఈద్ నాడు ముస్లింలు, చైనా సంవత్సరాదినాడు చైనీయులు, దీపావళినాడు హిందువులు, క్రిస్మసునాడు క్రైస్తవులు తమ ఇంటి తలుపులు తెరచి ఇతర మతస్థులను భోజనానికి పిలుస్తారు. చైనీయులు పిల్లలకు ఎర్రకవరులో డబ్బు ఇచ్చే ఆచారాన్ని చూచి మలయ్‌లు ఈద్‌కు ఆకుపచ్చ కవరులో ఇవ్వడం నేర్చుకొన్నారు. రంజాను నెలలో కౌలాలంపూరులోని కంపుంగ్ బారు మసీదు వద్ద బుబుర్ లంబుక్ అనే మాంసపు గంజిని పెద్ద గుండిగలలో కాచి, వచ్చినవారందరికీ పంచుతారు.

ప్రయాణికులు కొన్ని మర్యాదలు తెలుసుకొనడం మేలు. ఇంట్లోనికి చెప్పులతో పోరాదు. తినడానికి, ఇవ్వడానికి కుడిచేయి వాడాలి. చూపుడువ్రేలితో ఎవరినీ చూపరాదు. కుడిచేతి బొటనవ్రేలితో చూపుతారు. కరచాలనం చేసిన చేతిని మలయ్‌లు గుండెకు తాకించుకొంటారు. ఇవి మన ఇండ్ల మర్యాదలకు ఎంత దగ్గరగా ఉన్నవో వేరే చెప్పనక్కరలేదు.

తెలుగువారి జాడ

ఈ పంక్తిలో తెలుగువారూ ఉన్నారు. 19వ శతాబ్దం చివరి నుండి రబ్బరు తోటలు, కొబ్బరి తోటలు విస్తరించినప్పుడు ఆంగ్లేయ యజమానులకు కూలీలు కావలసివచ్చినారు. తమిళులతోపాటు శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుండి తెలుగువారు ఓడలెక్కినారు. వర్తకుడు గాలి కోసం వేచినాడు. వీరు మాత్రం అప్పు తీరడం కోసం వేచినారు. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసను నిలిపివేసేవరకు ఈ రాకపోకలు సాగినవి. పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతో పరిసరాలు తెలుగువారి నివాసాలుగా పేరుపొందినవి.

అక్కడ వారికి ఎదురైన చిక్కు ఆహారం గురించి కాదు, భాష గురించి. భారతీయులంటే తమిళులేనని భావించిన సమాజంలో తెలుగు పిల్లలు తమిళ బడులలో చదివినారు. తోటలలో తెలుగు బడులు కొన్ని నడిచినా ఎక్కువకాలం నిలువలేదు. 1955లో ఏర్పడిన ఆంధ్ర సంఘం తరువాత మలేషియా తెలుగు సంఘమై, భాషాబోధనను, ఉగాది వేడుకలను చేపట్టినది. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన పిమ్మట, రెండవ మహాసభలకు 1981లో కౌలాలంపూరే వేదికయైనది. తోటకూలీల మనుమలు ఆతిథ్యమిచ్చిన సభ అది. మాతృభాషను ఇంటి భాషగా నిలుపుకొనడానికి ఒక చిన్న సమాజం ఎంత శ్రమపడవలెనో వారిని చూచి తెలుసుకొనవచ్చును.

ముగింపు

గాలి కోసం వేచినవారు, అప్పు తీరేందుకు వేచినవారు, న్యాయం కోసం ఇంకా వేచి ఉన్నవారు కలిసి కూర్చున్న దేశం మలేషియా. అక్కడ అందరూ ఒకే వంట తినరు. అందరినీ ఒకే కుండలో వేసి కలపవలెనని ప్రయత్నించినవారు సఫలులు కాలేదు. ఎవరి నియమం వారు పాటిస్తూనే ప్రక్కవాడి నియమాన్ని అడిగి తెలుసుకొనడం వలననే ఆ పంక్తి సాగుతున్నది. సహపంక్తి అన్న మాటకు ఇదీ ఒక అర్థమని మేము గ్రహించినాము.

ఈ సంచికను ఒకవైపు నుండి ఉర్దూలో, మరొకవైపు నుండి తెలుగులో చదివే మన విద్యార్థులు మధ్యాహ్నం ఒకే చెట్టు క్రింద డబ్బాలు విప్పుతారు. ఒకరి డబ్బాలో ఖిచిడీ, మరొకరి డబ్బాలో పులిహోర. ప్రక్కవాని డబ్బాలో ఉన్నదాని పేరు ఏమిటి, అది వారి ఇంటికి ఎక్కడ నుండి వచ్చినది అని ఈ ఏడు ఒక్కసారైనా అడిగి చూడవలసినదిగా వారిని కోరుతున్నాము.